మైలతుత్తం కలపని లై

అవ్వ పోయిందని ఎల్లారెడ్డి నుంచి దర్జీ భాయ్ ఫోన్ చేసినప్పుడు నేను కామారెడ్డిలో, కాలేజీ స్టాఫ్ రూములో ఉన్నాను. ఫోన్ పెట్టేసి నేను చేసిన మొదటి పని నా చొక్కా వీపు తడుముకోవడం. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. ఆమె ఇంట్లో పైవాటాలో అద్దెకున్నన్నాళ్ళూ నేను కాలేజీకి వెళ్ళగానే ఎవరో ఒకరు నా వీపు మీద నుంచి ఏదో ఒకటి పీకి చేతిలో పెట్టేవారు. వెల్లుల్లి పొట్టు, చంకీ బిళ్ళ, చింతగింజ, ఒకసారి పిడికెడు మక్కపీచు. పొద్దున నేను మెట్లు దిగుతుంటే అవ్వ వీపు తట్టి, పోయి రా సారూ అనేది. ఆమె చేతికి లై అంటని రోజు లేదు. అందుకని ఆమె ఆప్యాయత కూడా అంటుకునేది.

పేరు చెప్పను. చెప్పినా ఎల్లారెడ్డిలో పోల్చుకునేవాళ్ళు తక్కువ. ఊరందరికీ ఆమె అతుకుల అవ్వ. అసలు పేరంటే ఆమెకే గిట్టదు. అది మేనత్త పేరట, ఆ మేనత్తకూ ఈమెకూ ఏనాడూ పడలేదట.

లై అంటే మైదాపిండిని నీళ్ళలో కలిపి సన్నని సెగ మీద ఉడికించిన జిగురు. సినిమా పోస్టర్లు అంటించేది దానితోనే. అవ్వ పడుచుతనంలో పాత పేపర్లను లైతో అతికించి కిరాణా కొట్లకు పొట్లాలు చేసి ఇచ్చేది. ప్లాస్టిక్ సంచులు వచ్చాక ఆ పని పోయింది. పని పోయినా చెయ్యి ఊరుకోలేదు. ఒకనాడు అలవాటు కొద్దీ లై వండింది. వండాక పారబోయడానికి మనసొప్పక, ఎదురుగా ఉన్న ఉల్లిపొట్టును ఒక అట్టముక్క మీద అతికించింది. చూస్తే అది అచ్చం చనిపోయిన అత్తగారి మొహంలా ఉందట, నోరు తెరిచి తిట్టబోతున్నట్టుగా. అవ్వ జడుసుకుని ఆ నోటి మీద ఇంకో పొట్టు అతికించింది. అత్త బతికినన్నాళ్ళూ మూయించలేని నోరు ఆరోజు మూయించానని నాతో ఎంతో గర్వంగా చెప్పింది. అదే ఆమె మొదటి బొమ్మ.

ఆ తర్వాత ఇక ఆగలేదు. బీడీలు చుట్టే ఆడవాళ్ళ దగ్గర కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్కలు తెచ్చేది. దర్జీ భాయ్ దగ్గర గుడ్డపేలికలు తెచ్చేది. మందు గోలీలు అయిపోయిన అట్టల వెండిరేకు, పెండ్లి పత్రికల బంగారు అంచులు, గాజు పెంకులు, కోడిగుడ్డు డొల్లలు, వరిపొట్టు, అన్నీ ఆమెకు రంగులే. కుంచె పట్టలేదు, రంగు డబ్బా మూత తీయలేదు. ఆకుపచ్చ కావాలంటే చిక్కుడు తొక్కు ఎండబెట్టేది. ఎండాక అది ఆకుపచ్చగా ఉండదు కదా అవ్వా అంటే, చేను మాత్రం ఎప్పుడూ పచ్చగనే ఉంటదా అని నన్నే అడిగేది.

బొమ్మ ఎప్పుడు తోస్తుందో మా ఇంట్లో అందరికీ తెలిసిపోయేది, ఎందుకంటే కింద నుంచి మాడు వాసన వచ్చేది. అన్నం పొయ్యి మీద ఉన్నప్పుడే ఆమెకు బొమ్మ తోస్తుంది. అన్నం బాగా ఉడికిన రోజున ఒక్క బొమ్మా రాదట. మా ఆవిడ ముక్కెగరేసి, ఇవాళ పెద్ద బొమ్మే అనేది. కాసేపటికి అవ్వ గిన్నె తీసుకుని పైకి వచ్చి మమ్మల్ని అన్నం అడిగేది. ఆ మాడు పెంకును కూడా పారేసేది కాదు. ఆమె బొమ్మల్లో రాళ్ళూ గుట్టలూ అన్నీ మాడిన అన్నంతో చేసినవే.

అతికించేటప్పుడు ఆమెను చూడాలి. ముక్కను లైలో ముంచి, అట్ట మీద పెట్టి, బొటనవేలితో అదిమి పట్టి దాన్ని తిడుతూ కూర్చునేది. "నిలువు. యాడికి పోతవ్? నీకు వేరే ఇల్లున్నదా? నిలువు." తిట్టు అయిపోయేసరికి ముక్క అంటుకునేది. కొన్ని మొండి ముక్కలుంటాయి, గాజు పెంకుల్లాంటివి. వాటికి మేనత్త మీది తిట్లు వాడేది.

పెనిమిటి ఫొటో గోడ మీద ఉండేది. ఆయన ఎప్పుడో పోయాడు. ఆయన బట్టతల మీద అవ్వ నల్ల నువ్వులు ఒక్కొక్కటే అతికించి దట్టమైన క్రాపు పెట్టింది. ఇదేంటవ్వా అన్నాను. బతికినంత కాలం జుట్టు కోసం నూనెలు రుద్దుకుని చచ్చాడు, నా చేతిలో విద్య ఉండి ఆ మాత్రం చేయకపోతే ఎట్లా అంది.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కంతా చీమలతో వచ్చింది.

అవ్వకు తన బొమ్మలు పంచిపెట్టడం ఇష్టం. పెండ్లికి పిలిస్తే బొమ్మ, గృహప్రవేశానికి బొమ్మ, పురుడు పోసుకుంటే బొమ్మ. తీసుకున్నవాళ్ళు మర్యాదగా కళ్ళకద్దుకునేవారు. గోడకు మాత్రం ఎవరూ తగిలించేవారు కాదు. ఎందుకంటే అందులో ఉన్నదంతా తిండి. మైదా, అన్నం, పప్పు, గింజలు. అవ్వ బొమ్మ ఒక ఇంట్లోకి వచ్చిందంటే దాని వెనుకే చీమల బారాత్ వచ్చేది. చీమల తర్వాత బొద్దింకలు, వాటి తర్వాత బల్లులు. అందుకని ఊళ్ళో ఆమె బొమ్మలు మంచాల కింద, స్నానాల గదుల మీద, పశువుల కొట్టాల్లో ఉండేవి.

లైలో చిటికెడు మైలతుత్తం కలిపితే ఏ పురుగూ దగ్గరికి రాదు. అది విషం. పోస్టర్లు అంటించేవాళ్ళు అదే కలుపుతారు. ఆ సంగతి అవ్వకు తెలియక కాదు. ఊరంతా చెప్పి చూశారు. నేను జువాలజీ చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి శాస్త్రప్రకారం కూడా చెప్పి చూశాను. అన్నీ విని చివరికి ఆమె ఒక మాట అంది.

"బొమ్మను చూసెటోళ్ళు తక్కువ సారూ, తినెటోళ్ళు ఎక్కువ. తక్కువమంది కోసం ఎక్కువమందిని చంపుమంటవా?"

దీనికి జవాబు జువాలజీ పుస్తకాల్లో ఉన్నట్టు గుర్తు లేదు.

అయితే ఆమెకు బాధ లేదని కాదు. ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయ తొక్కులు వేరు చేస్తూ, నేను అడక్కుండానే చెప్పింది. "నాకు ఒక్కటే కోరిక ఉన్నది సారూ. నాది గాని ఇంట్ల, నాది గాని గోడ మీద, నా బొమ్మ ఒక్కటన్న ఉండాలె. నేను సుట్టం లెక్క పోయి, గోడకు ఎదురుంగ కూసోని, చాయ తాగి రావాలె." చెప్పి తలొంచుకుని తొక్కులు వేరు చేసుకుంది. ఆమె నోటి నుంచి వేళాకోళం లేని మాట నేను విన్నది అదే మొదటిసారి. మనసుకు కష్టమనిపించింది. మా పైవాటా గోడ ఆమెదే కాబట్టి నేను ఇవ్వగలిగింది కూడా ఏమీ లేదు.

ఇక బిజిలీ. దర్జీ భాయ్‌ది మా పక్కిల్లే. మధ్యలో ప్రహరీ కూలిపోయి ఉండేది. ఆయన మేక పేరు బిజిలీ. పేరు మెరుపే కానీ నడకలో ఆ జాడలేవీ లేవు. తీరిగ్గా ప్రహరీ దాటి వచ్చి, ఆరబెట్టిన బొమ్మల్లో దేనినో ఒకదాన్ని ఎంచుకుని నమిలేది. అవ్వ కొట్టేది కాదు, అదిలించేది కూడా కాదు. గడప మీద కూర్చుని అది ఏ మూల నుంచి మొదలుపెడుతుందో చూసేది. ఊళ్ళో తన బొమ్మను ఇంత శ్రద్ధగా చూసింది ఇదొక్కటే అనేది.

ఆ మధ్య ఎల్లారెడ్డిలో ఒక పెండ్లికి కామారెడ్డి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. హైదరాబాదులో బొమ్మలు వేయడం చదువుకుందట. వాళ్ళ నాన్న కామారెడ్డిలో హైవే పక్కన కొత్త ఫంక్షన్ హాలు కడుతున్నాడు. పెండ్లివారి స్నానాల గది మీద పడి ఉన్న అవ్వ బొమ్మను ఆ అమ్మాయి చూసింది. ఎవరు చేశారని అడిగి, పట్టుచీర మీదే అవ్వ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. అన్నీ చూసింది. పెనిమిటి ఫొటో దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత అవ్వ చేతులు పట్టుకుని, ఇలా రకరకాల వస్తువులు కలిపి చేసే కళను మిక్స్‌డ్ మీడియా అంటారని చెప్పింది.

"దీనికి పేరున్నదా?" అంది అవ్వ. "నేనింక రోగమనుకున్న."

ఆ అమ్మాయి అన్న అసలు మాట ఏమిటంటే, హాలు ప్రారంభం నాటికి ఒక పెద్ద బొమ్మ కావాలి, భోజనాల గదిలో ఎదురుగోడ మీద శాశ్వతంగా ఉంచుతారు. పరాయి గోడ. అదీ శాశ్వతంగా. ఆ రోజు అవ్వ నా వీపు ఎన్నిసార్లు తట్టిందో, చొక్కా ఉతికినా వదల్లేదు.

ఆ వానాకాలమంతా కింద అన్నం మాడుతూనే ఉంది. అవ్వ పోచారం చెరువు చేసింది. తలుపంత అట్ట. నీళ్ళకు గోలీల అట్టల వెండిరేకు, కట్టకు తునికాకు, నీళ్ళు పొర్లే మత్తడి నురగకు దూది, కొంగలకు వెల్లుల్లి పొట్టు. కింద సగమంతా చెరువు కింది వరిచేను. దానికి నిజమైన వరికంకులే తెచ్చి ఒక్కొక్కటీ తిట్టి అతికించింది. ఇన్నేళ్ళలో ఆమె చేసిన వాటన్నిటిలోకీ అదే గొప్పదని నాకు గట్టి నమ్మకం. మా ఆవిడ కూడా కిందికి దిగి చూసి, ముక్కు మీద నుంచి కొంగు తీసేసింది.

ప్రారంభానికి ముందురోజు దాన్ని వాకిట్లో ఎండకు పెట్టారు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అవ్వ దాని ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కన దర్జీ భాయ్ మెడలో టేపుతో తలొంచుకుని నిలబడ్డాడు. కాస్త అవతల బిజిలీ కళ్ళు మూసుకుని నెమరు వేస్తోంది. చెరువు ఉంది. చేను లేదు. ఒక్క గింజ మిగల్చకుండా మేసింది.

భాయ్ మెడలో టేపు తీసి చేతికి చుట్టుకున్నాడు. "మాఫ్ చెయ్ అవ్వా. నేను పాయింట్ కుడుతున్న, చూస్కోలే. ఏం చెయ్యుమంటె అది చేస్త."

అవ్వ తిట్టలేదు. "మేక తప్పేమున్నది భాయ్? చేను కనవడ్డది, మేసింది. చేను చేసిన గాని కంచె వెయ్యకపోతిని" అంది. అని మళ్ళీ బొమ్మ వైపు తిరిగి చాలాసేపు చూసింది. కొరికిన అంచు అర్ధచంద్రాకారంగా, నిజంగా మేసిన చేనులాగే ఉంది. రాత్రికి రాత్రి మళ్ళీ అతికిద్దాం, మేం కూడా కూర్చుంటాం అన్నాను. వద్దంది. మేసిన చేను మీద కొత్త కంకులు పెడితే అబద్ధమవుతుందట. చేను చూపించి మేసిన మేకను దాచినా అబద్ధమేనట. కనుక బొమ్మతో పాటు బిజిలీ కూడా కామారెడ్డి రావాలి.

నేను వద్దని ఎన్నో విధాల చెప్పాను. మీరు జువాలజీ సారు కదా, మేకను తీసుకుపోవడం మీకు కష్టమా అంది. మేకను తీసుకుపోవడం మా సిలబస్‌లో లేదని ఆమెకు నమ్మకం కలగలేదు. భాయ్ ఏం చెప్పినా చేస్తానని మాటిచ్చి ఉన్నాడు కాబట్టి నోరెత్తలేదు. సూడి మేక అవ్వా, పైలంగ చూసుకో అని మాత్రం అన్నాడు. అది కడుపుతో ఉందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

మర్నాడు పొద్దున కామారెడ్డి బస్సు. నేను బొమ్మను నిలువుగా పట్టుకుని ముందు ఎక్కాను. వెనుక అవ్వ, అవ్వ వెనుక బిజిలీ. కండక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఆడవాళ్ళకు బస్సు ఉచితమైన కొత్త రోజులవి. అవ్వ ఏమాత్రం తొణకలేదు.

"ఆడోళ్ళకు టికెట్ లేదు కద బిడ్డా. ఇది ఆడిదే."

"ఆధార్ కార్డు చూపెడితేనే అవ్వా" అంది కండక్టరమ్మ, పెదవి బిగబట్టి.

అవ్వ బిజిలీ చెవి పట్టి ముందుకు వంచింది. పశువుల డాక్టరు కొట్టిన పసుపు బిళ్ళ ఉంది, దాని మీద బారెడు నంబరు. "చదువుకో" అంది.

బస్సంతా అవ్వ పక్షమైపోయింది. లింగంపేటలో దిగాల్సిన ఒక ముసలాయన, చెవికి కుట్టించుకున్నది మనకంటే నయం, మనం జేబులు వెతుక్కోవాలి అన్నాడు. కండక్టరమ్మకు ఇక నవ్వు ఆగలేదు. వెనుక సీటు కిటికీ పక్కన అవ్వ కాళ్ళ దగ్గర పడుకోబెట్టుకొమ్మంది. ఆ బస్సులో టికెట్ కొన్న కొద్దిమందిలో నేనొకణ్ణి.

ఫంక్షన్ హాలు ద్వారం దగ్గర పన్నీరు చల్లే అమ్మాయిలు అందరితో పాటు బిజిలీ మీద కూడా చల్లారు. అది తలుపుకు కట్టిన అరటాకు రెండు పీలికలు తిని లోపలికి వచ్చింది. హాలు యజమాని కూతురు కొరికిన బొమ్మను చూసి ముందు బెంబేలెత్తింది. అవ్వ సంగతంతా చెప్పేసరికి మాత్రం ఆ పిల్ల కళ్ళు మెరిశాయి. బొమ్మను గోడకు తగిలించారు. బిజిలీని దాని కిందే ఒక కుర్చీ కాలికి కట్టారు. పక్కన నా చేత ఒక చీటీ రాయించింది అవ్వ: చెరువు, చేను, మేసిన మేక.

ఆ తర్వాత జరిగినదానికి ఎవరినీ తప్పుపట్టలేం. మన దగ్గర కొత్త హాలు తెరిచే రోజున తాడుతో కట్టిన మేక కనిపిస్తే ఎవరైనా ఏమనుకుంటారు? దావత్‌లో కోసే యాట అనుకుంటారు. మేమంతా ముఖ్య అతిథికి ఎదురువెళ్ళిన సమయంలో వంటవాళ్ళలో ఒకతను వచ్చి, యాటను ఇక్కడెవరు కట్టారని విసుక్కుంటూ వెనుకవైపు వంటలు జరిగే చోటికి తోలుకుపోయాడు.

ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి, నేరుగా బొమ్మ దగ్గరికి వచ్చాడు. చూశాడు. వెనక్కి జరిగి మళ్ళీ చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా ఆయన జరిగినంత వెనక్కి జరిగి చూశారు. ఎవరమ్మా ఈ కళాకారిణి అన్నాడు. జీవితమంతా అవ్వ ఎదురుచూసిన ఘడియ అది. ఆ అమ్మాయి అవ్వను ముందుకు తెచ్చింది. శాలువా మడత విప్పారు. సరిగ్గా అప్పుడు అవ్వ కళ్ళు బొమ్మ కిందికి పోయాయి. కుర్చీ ఉంది, మేక లేదు. ఎక్కడుందని అడిగితే ఎవరో, యాటనా, వంటోళ్ళు కొంచవోయిన్రు అన్నారు.

అవ్వ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని పరుగెత్తింది. ముఖ్య అతిథి చేతుల్లో శాలువా విప్పి ఉంది. విప్పిన శాలువాను మళ్ళీ మడిస్తే బాగుండదని పక్కనే ఉన్న నాకు కప్పారు. ఫొటోలు తీశారు, చప్పట్లు కొట్టారు. నేను దండం పెట్టి, శాలువాతోనే అవ్వ వెనుక పరుగెత్తాను.

నేను వెళ్ళేసరికి అవ్వ రెండు గాడిపొయ్యిల మధ్య చేతులు బారచాపి నిలబడి ఉంది. వెనుక బిజిలీ కొత్తిమీర కాడలు తింటోంది. ఎదురుగా కత్తి పట్టుకుని వంట మేస్త్రి.

"గిది యాట కాదు" అంటోంది అవ్వ, రొప్పుతూ. "నా బొమ్మల సగం. పై సగం గోడకున్నది, పోయి చూసి రా. కింది సగం దీని కడుపుల ఉన్నది."

మేస్త్రి కత్తి కింద పెట్టాడు. "సూడిదాన్ని నేనెందుకు కోస్త అవ్వా? గందుకే పక్కకు కట్టి కాడలేసిన" అన్నాడు. తర్వాత వడ్డనకు గిన్నెలన్నీ పంపించి, చేతులు తువాలుకు తుడుచుకుని నిజంగానే హాల్లోకి వెళ్ళాడు, మిగతా సగం చూడటానికి.

వెంటనే తిరిగి వచ్చి, అక్కడ గోడకేం లేదన్నాడు.

మిఠాయిల బల్ల ఆ గోడ పక్కనే పెట్టారట. జిలేబీ కోసం వచ్చిన చీమలు సగం దారిలో మనసు మార్చుకుని బొమ్మ మీదికి వెళ్ళాయి. ముఖ్య అతిథి భోజనానికి కూర్చునేసరికి గోడ మీద నల్లటి గీత. హాలు యజమాని బొమ్మను దింపించి చెప్పుల స్టాండు పక్కన పెట్టించాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు, అవ్వను చూసి చేతులు జోడించాడు. ఇది భోజనాల హాలు అవ్వా, రేపు పెండ్లోళ్ళ పాయసంల చీమలొస్తె నన్ను తంతరు అన్నాడు. కూతురు ఏడ్చింది. మైలతుత్తం కలిపి ఇంకోటి చేయమని బతిమాలింది. అవ్వ ఆ పిల్ల బుగ్గ నిమిరి, కాదని తల ఊపింది. ఆ పిల్ల బుగ్గ మీద గుమ్మడి గింజ ఒకటి మిగిలిపోయింది.

తిరుగు బస్సు సాయంత్రం ఎండలో ఎక్కాం. పొద్దుటి బస్సే, పొద్దుటి కండక్టరమ్మే. అవ్వ కిటికీ పక్కన కూర్చుంది. బొమ్మ నా మోకాళ్ళ మీద ఉంది. శాలువా తీసి ఆమె ఒళ్ళో పెట్టాను. పెట్టినా చూడలేదు. తిట్టడానికైనా ఏమీ దొరకనట్టు బొటనవేలితో కిటికీ ఊచను అదిమి పట్టుకుని ఉంది.

కండక్టరమ్మ వచ్చి, బొమ్మను మళ్ళీ ఎందుకు తెచ్చుకుంటున్నారని అడిగింది. నేనే జరిగిందంతా చెప్పాను, శాలువాతో సహా. ఆమె విని, పైన రాడ్డు పట్టుకుని, బొమ్మను చూస్తూ నిలబడింది. తాడ్వాయిలో దిగాల్సినవాళ్ళు అరిస్తే కానీ విజిల్ వేయలేదు. ఆ తర్వాత అవ్వ ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగింది.

"మాది నాగిరెడ్డిపేట అవ్వా. మా ఇంట్ల చీమలు ఎట్లైన ఉన్నయి. కొత్తగ వచ్చేటియేం లేవు. మా గోడకియ్యి."

అవ్వ కండక్టరమ్మ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. ఎంతసేపు పట్టుకుందంటే, వదిలాక ఆ చేతికి రెండు టికెట్లు అంటుకుని ఉన్నాయి. అవ్వ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఏడుస్తూనే మేక మాత్రం రాదు బిడ్డా, అది భాయ్‌ది అంది. మాకు మేకలున్నయి అవ్వా అంది కండక్టరమ్మ. అయితే బొమ్మను ఎత్తు మీద కట్టాలా, కింద కట్టాలా అన్న చర్చ ఎల్లారెడ్డి దాకా సాగింది. ఎత్తు మీదే అని తేలింది, చీమలు ఎట్లయినా ఎక్కగలవు కనుక.

అప్పటి నుంచి అవ్వ నెలకోసారి ఉతికిన చీర కట్టుకుని, కొంగు సర్దుకుని, నాగిరెడ్డిపేట బస్సెక్కేది. ఎక్కడికవ్వా అంటే బొమ్మను చూడబోతున్న అనేది, బిడ్డను అత్తారింటికిచ్చినవాళ్ళు చెప్పినట్టు. నాకు కామారెడ్డి బదిలీ అయ్యాక ఆ కబుర్లు భాయ్ ఫోన్లో చెప్పేవాడు. బిజిలీ ఈనిందని, రెండు పిల్లలనీ, అవ్వ శాలువాను ముక్కలు చేసి ముఖ్య అతిథి బొమ్మ అతికిస్తోందని, అందులో ఆయన తల కోసం ఇంకా తగిన గింజ దొరకలేదనీ.

అవ్వ పోయిన పదకొండో రోజు భోజనాలయ్యాక నేను నాగిరెడ్డిపేట వెళ్ళాను. కండక్టరమ్మకు ఆ రోజు డ్యూటీ లేదు. నన్ను గుర్తుపట్టి, గోడకు ఎదురుగా ఉన్న కుర్చీ చూపించింది. అవ్వ కూర్చునే కుర్చీ అదేనట. చాయ ఇచ్చింది.

బొమ్మ చాలావరకు అయిపోయింది. కొంగలన్నీ రాలిపోయాయి. కట్ట మీద తునికాకు జాడలున్నాయి. కింద, ఒకనాడు చేను ఉన్నచోట, అరచేతి వెడల్పున కొత్త వరికంకులు కనిపించాయి. వాటి మీదికి గోడ మూల నుంచి చీమల బారు ఎక్కుతోంది, దిగుతోంది. పోయిన నెల అవ్వ చీమల కోసమని లైని కూర తెచ్చినట్టు టిఫిన్ డబ్బాలో తెచ్చి, స్టూలెక్కి అతికించి పోయిందట. కండక్టరమ్మ ఆ బారునే చూస్తూ చెప్పింది.

"మా చీమలు చక్కెర డబ్బా దిక్కు చూసుడు బంద్ చేసినయి సార్. గా మాట చెప్పిన్నాడు అవ్వ మస్తు సంబురపడ్డది. చక్కెర కంటె మంచిగున్నదన్నట్టే కదనే అన్నది."

నేను చాయ గ్లాసు కింద పెట్టాను. తర్వాత ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళి, ఒక మైదా పొట్లం తెచ్చి నా ముందు పెట్టింది. అప్పటికే కొనిపెట్టుకుని ఉంది.

"ఇంకో నాలుగొద్దులైతే చీమలు ఆ కంకులుగూడ ఒడగొడ్తయి సార్. మీరు అవ్వ ఇంట్లనే ఉన్నరు కద. లై ఎట్ల వండుతరో మీకెరుకేనా?"

పొయ్యి ఎటుందో చూపించమన్నాను.